ఆ శక్తి ఎవరిచ్చారు?

ప్రశ్న: సార్‌కు నమస్కారం. నేను హనుమకొండలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది పరకాల దగ్గర పల్లె. ప్రాజెక్టు కోసం, అయస్కాంత క్షేత్రంలో ప్రోటాన్ ఎలా తిరుగుతుందో చూపే ప్రోగ్రాం పైథాన్‌లో రాశాను. క్షేత్రం 1 టెస్లా, వడి సెకనుకు 10 లక్షల మీటర్లు, కాలపు అడుగు (ఒక లెక్కకూ తరవాతి లెక్కకూ మధ్య గడిచే కాలం) 1 నానోసెకను తీసుకున్నాను. పుస్తకం ప్రకారం సుమారు 1 సెంటీమీటరు వ్యాసార్ధంతో వృత్తం రావాలి. నాకు మాత్రం దోమల చుట్టలాగా విప్పుకుంటూ పోతోంది. అడుగును పదో వంతు చేస్తే కొంత నయం. కానీ ఎక్కువసేపు నడిపితే మళ్ళీ అదే. సీనియర్ ఒకరు "ప్రతి అడుగు తరవాత వడిని మొదటి విలువకు తెచ్చిపెట్టు" అన్నారు. అలా చేశాక వృత్తం చక్కగా కలిసింది. మా సార్ కూడా చూసి, బాగుంది, ఇచ్చెయ్యి అన్నారు. నాకే మనసొప్పడం లేదు. నేను చేసింది తప్పా? తరవాత విద్యుత్ క్షేత్రాన్ని కూడా కలిపి, చివరికి భూమి చుట్టూ చిక్కుకున్న ప్రోటాన్‌ను చూపించాలని ఆశ. నాలుగు వారాల గడువు ఉంది. నా దగ్గర ఉన్నది ఒక పాత లాప్‌టాప్ మాత్రమే.
– ఒక విద్యార్థిని, హనుమకొండ జిల్లా

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువగా తోచింది "మనసొప్పడం లేదు" అన్న మాట. తెర మీద ముచ్చటైన వృత్తం కనిపిస్తున్నా, పెద్దవాళ్ళు బాగుందని చెప్పినా నీకు లోపల ఏదో గుచ్చుకుంది చూడు, దాన్ని పోగొట్టుకోకు. నీ అనుమానం నిజమే. నువ్వు వేసిన మాసిక తప్పు. ఎందుకు తప్పో, ఎక్కడ బయటపడుతుందో, దాని బదులు ఏం చేయాలో రాస్తాను. కాగితం, కలం దగ్గర పెట్టుకుని చదువు.

ముందు ఆ వృత్తం ఎందుకు విప్పుకుందో చూద్దాం. ఎంగిలిపూల నాడు వేయి స్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆట నువ్వు చూసే ఉంటావు, ఆడే ఉంటావు. మధ్యలో బతుకమ్మలు, చుట్టూ ఆడవాళ్ళు. అడుగు వేస్తూనే కొంచెం లోపలికి మళ్ళుతారు కాబట్టి వలయం వలయంగానే ఉంటుంది. అలా మళ్ళకుండా, ప్రతి మనిషీ తన ముఖం ఎటు ఉందో అటు తిన్నగా ఒక అడుగు వేసి, అడుగు పడ్డాకే పక్కకు తిరిగిందనుకో. స్పర్శరేఖ మీద వేసిన అడుగు ఎప్పుడూ వృత్తానికి బయటే పడుతుంది. నాలుగు పాటలు అయ్యేసరికి వలయం గుడి ప్రాంగణం దాటిపోతుంది. నువ్వు వాడిన ఆయిలర్ పద్ధతి చేస్తున్నది ఇదే.

వేగం సంగతి ఇంకా స్పష్టం. అయస్కాంత బలం ఎప్పుడూ వేగానికి లంబంగా ఉంటుంది. అంటే ఒక్కో అడుగులో నువ్వు పాత వేగానికి లంబంగా ఒక చిన్న ముక్కను కలుపుతున్నావు. కొత్త వేగం ఆ లంబకోణ త్రిభుజానికి కర్ణం. కర్ణం భుజం కంటే పొడవు. ఏ అడుగులోనూ తగ్గే అవకాశం లేదు, ప్రతి అడుగులోనూ పెరగవలసిందే. నీ అంకెలతోనే లెక్క కడదాం. 1 టెస్లా క్షేత్రంలో ప్రోటాన్ కోణీయ వేగం సెకనుకు 9.58 కోట్ల రేడియన్లు. ఒక చుట్టుకు 65.6 నానోసెకన్లు పడుతుంది. నీ అడుగు 1 నానోసెకను కాబట్టి అడుగుకు 0.0958 రేడియన్లు తిరగాలి. ఆయిలర్ పద్ధతిలో వేగం వర్గం ప్రతి అడుగుకూ, 1కి ఈ కోణం వర్గాన్ని కలిపితే వచ్చే సంఖ్యతో, అంటే 1.0092తో గుణితమవుతుంది. చిన్న సంఖ్యే, కానీ ఒక చుట్టు పూర్తయ్యేసరికి శక్తి 1.8 రెట్లు, పది చుట్లకు దాదాపు 400 రెట్లు! అడుగును పదో వంతు చేసినప్పుడు ఒక చుట్టుకు 6 శాతమే పెరిగింది, అందుకే నీకు నయంగా కనిపించింది. అయితే పది చుట్లు తిరిగేసరికి మళ్ళీ ఆ 1.8 రెట్లకే చేరుతుంది. పదింతల పని చేయించి పదింతల గడువు కొనుక్కున్నావు, జబ్బు మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో ఇదే లెక్కను ఫోర్ట్రాన్‌లో, కార్డుల మీద చిల్లులు పొడిపించి చేశాను. ప్రింటరు కాగితం మీద నీకు వచ్చినలాంటి చుట్టే వచ్చింది. నేను దానికొక భౌతిక కారణం కూడా కల్పించుకున్నాను. కణం క్షేత్రం నుంచి శక్తిని గ్రహిస్తోందని, అందుకే వ్యాసార్ధం పెరుగుతోందని మౌఖిక పరీక్షలో ధీమాగా చెప్పాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన కోప్పడలేదు. "ఆ శక్తి ఎవరిచ్చారు బాబూ?" అని మాత్రం అడిగారు. అయస్కాంత బలం పని చేయదని, అంటే కణానికి శక్తి ఇవ్వదని ఇంటర్మీడియట్ నుంచీ నాకు తెలుసు, పరీక్షల్లో రాశాను కూడా. నా ప్రోగ్రాంను ఆ ప్రశ్న అడగాలన్న ఆలోచన మాత్రం ఆ క్షణం దాకా రాలేదు. ఆనాటి నుంచి ఏ సిమ్యులేషన్ చూసినా బొమ్మ కంటే ముందు అదే అడుగుతున్నాను. నిన్నూ అదే అడగమంటున్నాను.

ఇప్పుడు మాసిక సంగతి. వడిని బలవంతంగా పాత విలువకు తెస్తే శక్తి స్థిరంగా ఉన్నట్టే కదా అని మీ సీనియర్ అనుకుని ఉంటారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు. నీ ప్రోటాన్ క్షేత్రానికి పూర్తిగా లంబంగా తిరుగుతున్నంత కాలం ఆ మాసిక దొరకదు కూడా. ఈ రోజే ఒక పరీక్ష చేసి చూడు. అదే వడిని ఉంచి, వేగం దిశను క్షేత్రంతో 45 డిగ్రీల కోణంలో పెట్టు. ఇప్పుడు ప్రోటాన్ స్ప్రింగులా చుట్లు చుట్టుకుంటూ క్షేత్రం వెంట ముందుకు సాగాలి. చుట్టుకూ చుట్టుకూ మధ్య 4.6 సెంటీమీటర్ల దూరం ఉండాలి, అది ఎన్నటికీ మారకూడదు. నీ మాసిక వేసిన ప్రోగ్రాంలో ఆ దూరం చుట్టుచుట్టుకూ తగ్గుతుంది. పది చుట్లు అయ్యేసరికి 3 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తుంది. ఇంకొంతసేపటికి స్ప్రింగు నలిగి పళ్ళెం అవుతుంది. కారణం ఇది: ఆయిలర్ తప్పు లంబ భాగాన్ని మాత్రమే పెంచుతోంది. నువ్వు మొత్తం వడిని కుదిస్తున్నప్పుడు, ఏ తప్పూ చేయని సమాంతర భాగం కూడా కోత పడుతోంది. ఒకరి అప్పుకు ఇంకొకరి పొలం జప్తు చేసినట్టు. మొత్తం శక్తి పద్దులో సరిపోయింది, కానీ లోపల పంపకం చెడింది. భూమి చుట్టూ చిక్కుకున్న ప్రోటాన్ విషయంలో ఆ పంపకమే కథంతా. అది ఎక్కడి దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుందో తేల్చేది వేగానికీ క్షేత్రానికీ మధ్య ఉన్న ఆ కోణమే.

విద్యుత్ క్షేత్రం చేరిన రోజున మాసిక అసలే నిలవదు. విద్యుత్ క్షేత్రం నిజంగా పని చేస్తుంది, ప్రోటాన్ వడి నిజంగా పెరగాలి. నువ్వు పెరగనివ్వవు. అప్పుడు తెర మీద కనిపించేది ఏ ప్రకృతిలోనూ లేని కణం.

మరి ఏం చేయాలి? ఇప్పటికి ఎవరో ఒకరు ఒక్కో అడుగులో మార్పును నాలుగుసార్లు అంచనా కట్టి సగటు తీసుకునే రుంగే-కుట్టా పద్ధతి వాడమని చెప్పే ఉంటారు. అది మంచి పద్ధతే, కొన్ని వందల చుట్లకు దానితో ఏ ఇబ్బందీ ఉండదు. దాని తప్పు ఆయిలర్‌కు ఎదురు దిక్కున ఉంటుంది, శక్తి కొద్దికొద్దిగా కారిపోతుంది. నీ అడుగుతోనే ఒక చుట్టుకు కోటిలో ఏడు వంతులు పోతుంది. ఎంత చిన్నదో అనిపిస్తుంది. పది లక్షల చుట్లు తిప్పితే సగం శక్తి ఆవిరి. పది లక్షల చుట్లంటే ప్రోటాన్ లోకంలో ఎంతసేపో తెలుసా? 0.066 సెకను. రెప్పపాటు కూడా కాదు.

ఇంకొక మాట. స్ప్రింగుకు కట్టిన బరువు లెక్కలో, ముందు వేగాన్ని మార్చి ఆ కొత్త వేగంతో స్థానాన్ని మారిస్తే శక్తి నిలబడుతుందని నువ్వు చదివి ఉండవచ్చు. అక్కడ బలం స్థానాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ ఉపాయం పారింది. ఇక్కడ బలమే వేగాన్ని బట్టి ఉంది. ఆ కర్ణం తప్పు వేగంలోనే జరుగుతోంది, కాబట్టి స్థానాన్ని ఎప్పుడు మార్చినా లాభం లేదు.

సరైన దారి 1970లో దొరికింది. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో ఆ ఏడాది ప్లాస్మా (ఆవేశిత కణాల వాయువు) సిమ్యులేషన్ల మీద జరిగిన సమావేశంలో జే బోరిస్ దాన్ని వివరించారు, అందుకే దాన్ని బోరిస్ పద్ధతి అంటారు. ఇన్నేళ్ళయినా ప్లాస్మా లెక్కలు చేసేవాళ్ళు మొదట చేయి చాపేది దానికోసమే. ఆలోచన ఎంత సులువైనదంటే, విన్నాక ఇది నాకెందుకు తట్టలేదు అనిపిస్తుంది. విద్యుత్ క్షేత్రం తోస్తుంది, అయస్కాంత క్షేత్రం తిప్పుతుంది. ఈ రెండు పనులనూ కలిపి ఒకే ముద్దగా చేయకు. ముందు విద్యుత్ తోపులో సగం ఇవ్వు. తరవాత వేగాన్ని నికరంగా తిప్పు. తోయవద్దు, తిప్పడమే చెయ్యి. ఆపైన మిగిలిన సగం తోపు ఇవ్వు. తిప్పిన సదిశ పొడవు మారదు కనుక, శక్తిని ఎవరూ బయటి నుంచి సరిచేయవలసిన పని ఉండదు.

పైథాన్ మూడో తరం నుంచి చలరాశులకు తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు. కాబట్టి అలాగే రాస్తున్నాను. ఇందులో నిష్పత్తి అంటే ఆవేశాన్ని ద్రవ్యరాశితో భాగించినది. లబ్ధం అంటే సదిశా లబ్ధం, బిందు అంటే బిందు లబ్ధం. ఈ రెండిటినీ నువ్వే చిన్న ఫంక్షన్లుగా రాసుకో.

సగం = నిష్పత్తి * అడుగు / 2
వేగం = వేగం + సగం * విద్యుత్
త = సగం * అయస్కాంతం
స = 2 * త / (1 + బిందు(త, త))
మధ్య = వేగం + లబ్ధం(వేగం, త)
వేగం = వేగం + లబ్ధం(మధ్య, స)
వేగం = వేగం + సగం * విద్యుత్
స్థానం = స్థానం + అడుగు * వేగం

మొత్తం ఎనిమిది వరుసలు. మధ్యలో ఉన్న త, స, మధ్య అన్న మూడింటిలోనే కిటుకు ఉంది. సైన్లు, కొసైన్లు లేకుండా భ్రమణం జరిగిపోతోంది. స అన్న సదిశను అలా భాగించడం వల్లే పొడవు చెక్కుచెదరదు. కాగితం మీద లంబ సందర్భానికి ఒకసారి చేసి చూడు, అరపేజీలో తేలిపోతుంది. అది నీ చేత్తో చేసిన తరవాతే ప్రోగ్రాంలో పెట్టాలని నా కోరిక. సదిశా లబ్ధంలో వేగం ముందు, క్షేత్రం తరవాత ఉండాలి. తారుమారైతే కణం ఎదురు దిక్కున తిరుగుతుంది.

ఇందులో స్థానం, వేగం ఒకే క్షణానివి కావు. వేగం ఎప్పుడూ అర అడుగు వెనక ఉంటుంది. అందుకని మొదలుపెట్టే ముందు, వేగం మార్చే వరుసలను ఒక్కసారి రుణ సగం అడుగుతో నడిపి వేగాన్ని అర అడుగు వెనక్కి జరుపు.

ఈ పద్ధతి ఇంత దీర్ఘకాలం ఎందుకు నిలబడుతుందన్న ప్రశ్నకు 2013లో ప్లాస్మా శాస్త్రవేత్త హాంగ్ చిన్, ఆయన సహచరులు పూర్తి జవాబు ఇచ్చారు. స్థానం, వేగం కలిసిన ఆరు కొలతల అంతరాళంలో ఘనపరిమాణాన్ని ఇది కాపాడుతుంది. అందువల్ల తప్పులు ఒకే వైపు పేరుకుపోవు. నిలిచే గుణం ఉన్న పద్ధతికీ, కేవలం సూక్ష్మంగా ఉన్న పద్ధతికీ ఉన్న తేడా ఇదే. రుంగే-కుట్టా ఒక్కో అడుగులో ఎక్కువ సూక్ష్మం, బోరిస్ లక్షల అడుగుల్లో ఎక్కువ నమ్మకం.

అలాగని బోరిస్‌ను గుడ్డిగా నమ్మకు. దాని లోపం కంటికి కనిపించకుండా దాక్కుంటుంది. నీ అంకెలతో చూస్తే అది ఒక్కో చుట్టును పది వేలలో ఎనిమిది వంతుల మేర ఆలస్యంగా పూర్తి చేస్తుంది. దాదాపు 1,300 చుట్లు తిరిగేసరికి అసలు ప్రోటాన్ కంటే ఒక పూర్తి చుట్టు వెనకబడుతుంది. వృత్తం అలాగే ఉంటుంది, శక్తి అలాగే ఉంటుంది, కణం మాత్రం ఉండవలసిన చోట ఉండదు. ఇంకా పెద్ద ప్రమాదం అడుగు మరీ పెద్దదైనప్పుడు. ప్రోటాన్‌కు సరిపోయిన అడుగుతోనే ఎలక్ట్రాన్‌ను నడిపావనుకో. ఎలక్ట్రాన్ 1,836 రెట్లు తేలిక, అన్ని రెట్లు వేగంగా తిరుగుతుంది. నీ 1 టెస్లా, 1 నానోసెకను లెక్కలో ఎలక్ట్రాన్ ఒక్క అడుగులోనే 28 చుట్లు తిరగాలి. ఆయిలర్ అయితే వెంటనే పేలిపోయి తప్పు బయటపెట్టేది. బోరిస్ పేలదు. శక్తిని ఒక్క వంతు కూడా చెడనివ్వకుండా, వ్యాసార్ధాన్ని 88 రెట్లు పెంచి చూపిస్తుంది! కాబట్టి శక్తి రేఖ, అంటే కాలంతో శక్తి ఎలా మారిందో చూపే గ్రాఫు, తిన్నగా ఉంటే చాలనుకోవద్దు. కోణీయ వేగాన్ని అడుగుతో గుణించి చూడు. అది 0.1 దాటకుండా చూసుకో, అంటే చుట్టుకు కనీసం 60 అడుగులు.

ఇప్పుడు పరీక్షల సంగతి. ప్రోగ్రాం జవాబు తెలియని చోటికి వెళ్ళే ముందు, జవాబు తెలిసిన చోట నిలబడి చూపించాలి. నీకు రెండు చెబుతాను.

మొదటిది మీ కాలేజీ ప్రయోగశాలలోనే ఉండవచ్చు. థామ్సన్ 1897లో చేసిన పని వారసత్వంగా వచ్చిన ప్రయోగం అది: గాజు బుడ్డిలో సన్నని ఎలక్ట్రాన్ పుంజం, దానికి రెండు పక్కలా హెల్మ్‌హోల్ట్జ్ తీగచుట్టలు. 200 వోల్టులతో వేగం పెంచిన ఎలక్ట్రాన్ సెకనుకు 84 లక్షల మీటర్ల వడి అందుకుంటుంది. 1 మిల్లీటెస్లా క్షేత్రంలో అది 4.8 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో తిరగాలి. ఒక చుట్టుకు 36 నానోసెకన్లు, నీ అడుగు అర నానోసెకను చాలు. ముందు ప్రోగ్రాంలో చూడు, తరవాత చీకటి గదిలో ఆ నీలి వలయాన్ని స్కేలుతో కొలువు. నువ్వు రాసిన ఎనిమిది వరుసలూ, కంటి ముందు వెలుగుతున్న ఆ వలయమూ ఒకే మాట చెప్పినప్పుడు కలిగే సంతోషం వేరే ఎవరూ ఇవ్వలేరు. ఒక జాగ్రత్త: మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు. నీ 1 మిల్లీటెస్లాలో అది 4 శాతం. తీగచుట్టల అక్షం ఉత్తర దక్షిణాలుగా ఉందా, తూర్పు పడమరలుగా ఉందా అన్నదాన్ని బట్టి వ్యాసార్ధం కొంచెం మారుతుంది. ప్రోగ్రాంలో ఆ 40 మైక్రోటెస్లాలనూ కలిపి చూపిస్తే, నీ పరీక్షకులు కుర్చీలో ముందుకు జరిగి వింటారు.

రెండోది, ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు క్షేత్రాలు. విద్యుత్ క్షేత్రం మీటరుకు 1,000 వోల్టులు, అయస్కాంత క్షేత్రం 0.1 టెస్లా తీసుకో. ప్రోటాన్‌ను కదలకుండా నిలబెట్టి వదులు. విద్యుత్ క్షేత్రం వైపు పోతుందని ఎవరైనా అనుకుంటారు. పోదు. కొంత దూరం పోయి, వంగి, వెనక్కి వచ్చి ఆగి, మళ్ళీ మొదలుపెడుతుంది. సైకిలు చక్రం అంచున అంటుకున్న మట్టిపెళ్ళ దారిలాగా కమాను తరవాత కమాను వేసుకుంటూ, రెండు క్షేత్రాలకూ లంబంగా పక్కకు సాగుతుంది. సగటు వడి, విద్యుత్ క్షేత్రాన్ని అయస్కాంత క్షేత్రంతో భాగిస్తే వచ్చేది: సెకనుకు 10,000 మీటర్లు. ఒక్కో కమాను ఎత్తు 2.1 మిల్లీమీటర్లు, పొడవు 6.6 మిల్లీమీటర్లు. ఇక్కడ అడుగు 10 నానోసెకన్లు ఉండవచ్చు. ఆ తరవాత, అడుగును తగినంత చిన్నది చేసి, ఎలక్ట్రాన్‌ను పెట్టు. ఆవేశం గుర్తు మారింది, ద్రవ్యరాశి మారింది. అయినా అది అదే దిక్కుకు, అదే సగటు వడితో సాగుతుంది. పుస్తకంలో ఈ వాక్యం చదివి దాటిపోతాం. రెండు కణాలూ పక్కపక్కనే ఒకే దిక్కుకు వెళ్ళడం చూస్తే ఆగి ఆలోచిస్తాం. ఇక్కడ శక్తిని లెక్కకట్టేటప్పుడు గతిజ శక్తి ఒక్కటే చూడకు. విద్యుత్ స్థితిజ శక్తిని కూడా కలుపు. ఆ మొత్తం నిలవాలి. ఈ పరీక్షలో నీ పాత మాసిక ప్రోటాన్‌ను అసలు కదలనే కదలనివ్వదు, ఎందుకంటే మొదటి వడి సున్నా.

ఇక నీ ఆశ సంగతి: భూమి చుట్టూ చిక్కుకున్న ప్రోటాన్. ఇది అందని ఆశ కాదు, నీ పాత లాప్‌టాప్‌కు అందుతుంది. భూమి క్షేత్రాన్ని ఒక ద్విధ్రువంగా, అంటే ఉత్తర దక్షిణ ధ్రువాలున్న చిన్న అయస్కాంతం క్షేత్రంలా తీసుకో. భూమధ్యరేఖ దగ్గర నేల మీద 31 మైక్రోటెస్లాలు, దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. భూమి వ్యాసార్ధానికి మూడు రెట్ల దూరంలో అది 27వ వంతు అవుతుంది, 1.15 మైక్రోటెస్లాలు. అక్కడ 10 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ప్రోటాన్‌ను వదులు. మూడు రకాల కదలికలు ఒకదానిలో ఒకటి అల్లుకుని కనిపిస్తాయి. క్షేత్రరేఖ చుట్టూ తిరగడం, చుట్టుకు 0.06 సెకను, వ్యాసార్ధం దాదాపు 400 కిలోమీటర్లు. క్షేత్రరేఖ వెంట ఉత్తరానికి పోయి, క్షేత్రం బలపడిన చోట అద్దాన్ని తాకినట్టు వెనక్కి తిరిగి, దక్షిణానికి పోయి రావడం, సుమారు ఒకటిన్నర సెకను. ఈ రెండూ జరుగుతుండగా మెల్లగా భూమి చుట్టూ జరగడం, ఒక ప్రదక్షిణకు సుమారు నిమిషంన్నర. నిమిషంన్నరలో దాదాపు 1,600 చుట్లు, చుట్టుకు 65 అడుగులు, మొత్తం ఒక లక్ష అడుగులు. అంతే! ప్రతి అడుగులోనూ బొమ్మ గీయకుండా, పదింటికి ఒక స్థానాన్ని దాచుకుని చివర్లో గీస్తే నీ లాప్‌టాప్ అలసిపోదు.

ఎలక్ట్రాన్‌తో మాత్రం మొదలుపెట్టకు. అదే చోట 1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టు ఎలక్ట్రాన్ ఒక ప్రదక్షిణ పూర్తి చేసేలోగా కోటికి పైగా చుట్లు తిరుగుతుంది. పైగా దానికి సాపేక్షతా సిద్ధాంతం తప్పనిసరి. ఈ ప్రోటాన్‌కు ఆ సవరణ 1 శాతమే కాబట్టి వదిలెయ్యి, వదిలేసినట్టు నివేదికలో రాయి.

ఈ లెక్క మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో నార్వే గణితవేత్త కార్ల్ స్టోర్మర్, ఉత్తర ధ్రువ కాంతులు ఎలా వస్తాయో తెలుసుకోవాలని, ద్విధ్రువ క్షేత్రంలో ఆవేశిత కణాల దారులను సహాయకులతో కలిసి చేత్తో కట్టాడు. అడుగు తరవాత అడుగు, కాగితం మీద. అలా చిక్కుకునే కణాలు నిజంగా ఉన్నాయని 1958లో ఎక్స్‌ప్లోరర్ ఉపగ్రహాలలోని గీగర్ లెక్కింపు యంత్రాలతో వాన్ ఆలెన్ బృందం కనుగొంది. నువ్వు నాలుగు వారాల్లో చేయబోయేది ఆ వరసలోని పనే. మన ఆదిత్య-ఎల్1 కూడా 2023 సెప్టెంబరు 2న బయలుదేరి వెళ్ళి, సూర్యుడి నుంచి వచ్చే ఆవేశిత కణాలను కొలుస్తోంది. మీ జిల్లాలోనే ఉన్న ఎన్‌ఐటీలోనో, కాకతీయ విశ్వవిద్యాలయంలోనో ఫిజిక్స్ విభాగానికి వెళ్ళి, ప్రోగ్రాం చూపించి సలహా అడగడానికి మొహమాటపడకు. పని చేసుకుని వచ్చి అడిగే విద్యార్థిని ఎవరూ వెనక్కి పంపరు.

మీ సార్ విషయం. ఆయన బొమ్మ చూసి బాగుందన్నారు. 45 డిగ్రీల పరీక్ష ఆయన ముందు లేదు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, "సార్, మాసిక వేస్తే స్ప్రింగు నలిగిపోతోంది, ఇలా మార్చుకున్నాను" అని చెప్పు. పాఠం చెప్పే ఎవరికైనా అది సంతోషమే. విప్పుకుపోయిన ఆ మొదటి చుట్టను నివేదికలోంచి తీసెయ్యకు. మొదటి పేజీలోనే పెట్టి, పక్కన శక్తి రేఖ పెట్టి, ఎంత పెరగాలో కాగితం మీద లెక్కకట్టి, ప్రోగ్రాంలో అంతే పెరిగిందని చూపించు. తప్పును అంకెతో సహా ముందే చెప్పగలిగిన విద్యార్థికి ఆ తప్పు అర్థమైనట్టే.

మొదటి వారం బోరిస్, 45 డిగ్రీల పరీక్ష. రెండో వారం గాజు బుడ్డి, రెండు క్షేత్రాలు. మిగిలిన రెండు వారాలూ భూమికి ఉంచుకో, అక్కడ ద్విధ్రువ సూత్రాన్ని తప్పు లేకుండా రాయడానికే సమయం పడుతుంది. ప్రోటాన్ ప్రదక్షిణ మొదలయ్యాక అది ఎటు జరుగుతోందో జాగ్రత్తగా చూడు. పడమటికి జరగాలి. ఎలక్ట్రాన్ అయితే తూర్పుకు. నీ ప్రోటాన్ తూర్పుకు పోతున్నట్టయితే కంగారుపడకు. భూమధ్యరేఖ దగ్గర క్షేత్రం ఉత్తర దిక్కుగా ఉండేలా ద్విధ్రువం గుర్తును మార్చు. అది సరిచేశాక, శక్తి రేఖతో పాటు ఆ బొమ్మ నాకు పంపించు.